గిర్నీ దశరథ నోరు జారిన వారం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు దిగే సందుల్లో దశరథ గిర్నీ ఎక్కడని అడిగితే ఎవరూ కుడీ ఎడమా చెప్పరు, "పిండి వాసన వచ్చేదాకా నడవండి" అంటారు. కాలనీ సంఘం వాళ్ల కమ్యూనిటీ హాలు కింద ఒకే ఒక్క షట్టర్. ముందు పిండి పట్టే గిర్నీ, వెనక ఓ గది. ఆ గదిలోనే దశరథ, అతని భార్య లచ్చమ్మ ఇరవై రెండేళ్లుగా కాపురముంటున్నారు. దశరథ నల్లటి మనిషి అన్న సంగతి గోడ మీది పెళ్లి ఫొటో చూస్తే తప్ప తెలియదు. కాలనీ వాళ్లు ఎరిగింది తెల్ల కనుబొమ్మలు, తెల్ల మీసాల దశరథనే. నలభై నిండకముందే ఊరందరి చేతా పెద్దాయన అనిపించుకున్నాడంటే ఆ పుణ్యం పిండిదే.

నకిరేకల్ పక్క పల్లె నుంచి వచ్చి మలక్‌పేటలో ఒక గిర్నీలో పనికి కుదిరిన రోజున అక్కడి ముసలి మేస్త్రీ అతనికి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "ఇంట్ల ఏం నడుస్తుందో డబ్బా చెప్తది బిడ్డా. నువ్వు మాత్రం చెప్పకు."

నిజమే. పసుపు కొమ్ములు బుట్టెడు వచ్చాయంటే ఆ ఇంట్లో పెళ్లి కుదిరినట్టు, శుభలేఖ అచ్చుకు వెళ్లకముందే దశరథకు తెలుస్తుంది. సున్నిపిండికి పెసలూ శనగలూ వచ్చాయంటే పసిబిడ్డ వచ్చినట్టు. నెలకు ఐదు కిలోలు పట్టించే ఇంటి నుంచి పది కిలోల గోధుమలు వస్తున్నాయంటే, ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడనుకుంటున్న కొడుకు చడీచప్పుడు లేకుండా ఇంట్లో కూర్చున్నట్టు. డబ్బాల మీద పేర్లు రాసే అలవాటు దశరథకు లేదు. సొట్టలను బట్టి, మూతలను బట్టి ఎవరి డబ్బా ఎవరిదో చెప్పేస్తాడు. ఎవరి బాధ ఎవరిదో కూడా తెలుసు గానీ, అది లచ్చమ్మకు కూడా చెప్పడు.

ఇలాంటి గుట్టుల్లోకెల్లా పెద్ద గుట్టు జోగారావు గారిది.

జోగారావు గారు తణుకు వైపు మనిషి. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, ఆరేళ్లుగా కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా ఉంటున్నారు. ప్రతిసారీ ఏకగ్రీవమే, ఆ చాకిరీ ఇంకెవరికీ అక్కర్లేదు కాబట్టి. తిండి విషయంలో ఆయనవి గట్టి అభిప్రాయాలు. నిరుడు వినాయక చవితి పందిట్లో మైకు పట్టుకుని, "జొన్నరొట్టె తినడం కంటే అట్టముక్క నమలడం నయం" అనేశారు. కాలనీలోని నల్గొండ వాళ్లలో సగం మంది నవ్వారు, తక్కిన సగం నిమజ్జనం దాకా ఆయన్ని పలకరించలేదు. ఆ మాట అన్న నెల తిరక్కుండానే డాక్టరు ఆయన రక్తపరీక్ష కాగితం చూసి, షుగరుందనీ, అన్నం బాగా తగ్గించి జొన్నరొట్టె మొదలుపెట్టమనీ చెప్పాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. భార్య ఇందిరాదేవి గారి అన్నయ్య షుగరుతోనే పోయారు. అప్పట్నుంచి ఆ పేరు వింటే చాలు, ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడవు. మొగుడికి మామూలు జలుబు చేస్తే పదకొండు మంగళవారాలు ఉపవాసమున్న ఇల్లాలు. అంచేత జోగారావు గారు మార్నింగ్ వాక్ అని బయల్దేరి, చెరువు దాకా వెళ్లినట్టే వెళ్లి, ఏడు గంటలకల్లా గిర్నీ వెనక గదిలో స్టూలు మీద కూర్చునేవారు. ఆయన జొన్నపిండి డబ్బా అక్కడే అటక మీద ఉండేది. లచ్చమ్మ రెండు రొట్టెలు కొట్టి పెట్టేది. ఆయన తింటూ పేపరు పైకి చదివేవారు, దశరథ గిర్నీ బెల్టు బిగిస్తూ వినేవాడు. ఇంటికెళ్లాక ఇడ్లీ ముందు కూర్చుని, ఆకలి లేదోయ్ అనేవారు. ఇలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

అంతా సవ్యంగా సాగుతుంటే పక్క అపార్టుమెంటులోకి కార్తీక్ వచ్చి దిగాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఇంట్లోంచే ఉద్యోగం. గిర్నీ మోత వల్ల తన మేనేజరు, నువ్వు హెలికాప్టర్లో కూర్చుని పనిచేస్తున్నావా అని అడిగాడట. పాపం, ఆ బాధా నిజమే. కార్తీక్ సంఘానికి అర్జీ పెట్టాడు. షట్టర్ సంఘానిదే కాబట్టి గిర్నీని ఉంచాలా, ఖాళీ చేయించాలా అన్నది పై ఆదివారం కాకుండా ఆ వచ్చే ఆదివారం మీటింగులో తేలుస్తామని నోటీసు అంటించారు. దశరథ దాన్ని మూడుసార్లు చదివాడు. ఇరవై రెండేళ్ల బతుకు సగం కాగితంలో ఇమిడిపోయింది.

కష్టమొచ్చినప్పుడు బావమరిదిని అడగకూడదు. దశరథ అడిగాడు. సాయినాథ్ విజయవాడ రోడ్డులో ప్లాట్లు అమ్ముతుంటాడు, నెలకో సెమినారుకు వెళ్తుంటాడు.

"బావా, నీకు కస్టమర్లున్నరు గని కస్టమర్లతోని రిలేషన్ లేదు," అన్నాడు సాయినాథ్. "రిలేషన్ ఉంటే గీ కాయిదం ఎందుకు అంటిస్తరు? నా ఎంబడి రా."

అలా మొదటి ఆదివారం దశరథ ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గరి ఒక హోటల్లో, ఏసీలు నడిచే హాల్లో, 'సంబంధాలే సంపద' అనే బ్యానరు కింద కూర్చున్నాడు. వినయ్ అనే ట్రైనరు చెంపకు మైకు తగిలించుకుని స్టేజీ మీద అటూ ఇటూ ఉరుకుతున్నాడు. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి చేతులు పట్టుకుని, నిమిషం పాటు కళ్లలోకి చూడమన్నాడు. దశరథ పక్కన ఒక బోర్‌వెల్ కంట్రాక్టరు పడ్డాడు. ముందురోజే దశరథ ముప్పై కిలోల ఎండుమిరపకాయలు పట్టాడు, చొక్కా మాత్రం అదే. పది సెకన్లలో కంట్రాక్టరు కళ్లు ఎరుపెక్కాయి, ఇరవై సెకన్లలో ధారలు కట్టాయి. అది చూసి వినయ్ పరుగున వచ్చి ఇద్దరినీ స్టేజీ ఎక్కించి, "చూశారా, నిజమైన సంబంధమంటే ఇదీ," అన్నాడు. రెండు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కంట్రాక్టరు తుమ్ముతూనే దండం పెట్టాడు. తనలో ఏదో శక్తి ఉందని దశరథకు ఆ క్షణంలోనే మొదటిసారి అనుమానం కలిగింది. అసలు ముప్పంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు చెప్పిన వాటిలో అతనికి రెండు గుర్తుండిపోయాయి. కస్టమర్‌ను పేరు పెట్టి పిలవాలి. పదిమందిలో పొగడాలి.

సోమవారం పొద్దున ఇందిరాదేవి గారు గోధుమల డబ్బా తెస్తే, ఇన్నేళ్లూ "అమ్మా" అని పిలిచిన దశరథ, "రండి ఇందిరాదేవి గారూ, బాగున్నరా ఇందిరాదేవి గారూ, డబ్బా ఇటియ్యండి ఇందిరాదేవి గారూ" అన్నాడు. ఆవిడ డబ్బా వదలకుండా అతని మొహంలోకి చూశారు.

"లచ్చమ్మా," అని లోపలికి కేకేశారు, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?"

మధ్యాహ్నానికల్లా దశరథ ఆడవాళ్లను పేరు పెట్టి పిలుస్తున్నాడని కాలనీ అంతా పాకింది. ఒకావిడ తన డబ్బాను మొగుడి చేత పంపించింది. మొదటి సూత్రం బెడిసికొట్టింది కాబట్టి రెండోది తప్పకుండా పనిచేస్తుందని దశరథ లెక్క వేసుకున్నాడు. బుధవారం పొద్దున, నూట ఎనభై ఆరు మంది ఉన్న కాలనీ వాట్సాప్ గ్రూపులో, సాయినాథ్ చేత నాలుగు గులాబీలు చేర్పించి ఈ ముక్క పెట్టాడు:

"ఈ నెల మా ఉత్తమ కస్టమర్ శ్రీ జోగారావు గారు. షుగర్ ఉన్నా భయపడక, ఎనిమిది నెలల నుండి ప్రతి దినం మా గిర్నీలో రెండు జొన్నరొట్టెలు తింటూ మమ్ములను ప్రోత్సహిస్తున్నారు. వారికి మా గిర్నీ కుటుంబం తరఫున హృదయపూర్వక అభినందనలు."

ముందు ఓ నలభై దండాలు వచ్చాయి. తర్వాత ఎవరో ఒక అట్టపెట్టె ఫొటో పెట్టారు. సంఘం కార్యదర్శి రామమోహనరావు గారికి అధ్యక్ష పదవి మీద ఆశ లేదు గానీ అధ్యక్షుణ్ని ఏడిపించడం మీద మాత్రం బోలెడంత ఆశ. "అధ్యక్షుల వారికి అట్టముక్కలు ఇంత చక్కగా అరుగుతున్నందుకు సంతోషం" అని రాశారు. అన్నిటికన్నా చివర ఇందిరాదేవి గారి మెసేజీ వచ్చింది. ఆవిడకు విడిగా మెసేజీ పెట్టడం తెలియదు. "ఏవండీ, ఎక్కడున్నా వెంటనే ఇంటికి రండి" అని నూట ఎనభై ఆరు మందికీ చెప్పారు.

దశరథకు అప్పటికి తెలిసొచ్చింది. గబగబా పోస్టు చెరిపేశాడు. తన ఫోన్లోంచి పోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నాడు. అది తన ఒక్కడి ఫోన్లోంచే పోయిందనీ, మిగతా అందరి ఫోన్లలో గులాబీలతో సహా నిక్షేపంలా ఉందనీ సాయంత్రం లచ్చమ్మ ఫోన్లో చూసి తెలుసుకున్నాడు.

లచ్చమ్మ ఆ రాత్రి వంట చెయ్యలేదు.

"ఇరవై రెండేండ్లల్ల ఒక్కరి ఇంటి మాట నాతోని సుత అనలే నువ్వు," అంది. "అది చూసే నీ మీద నాకు గౌరవం. ఒక్క దినం గా మైకోని మాట ఇని, ఆ పెద్దమనిషి ఇజ్జత్ బజార్ల పెట్టినవ్."

సిగ్గుతో దశరథ ఒళ్లు చచ్చిపోయింది. గురువారం ఏడైంది, ఏడున్నరైంది, స్టూలు ఖాళీగానే ఉంది. శుక్రవారమూ అంతే. షట్టర్ పోతుందన్న భయం కన్నా ఆ స్టూలును చూస్తే పుట్టే బాధే ఎక్కువగా ఉందని అతనికే ఆశ్చర్యం వేసింది.

బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా దశరథ బావమరిదికే ఫోన్ చేశాడు.

"ఇంటికి పోయి గిఫ్టియ్యి బావా," అన్నాడు సాయినాథ్. "కస్టమర్‌కు ఏం ఇష్టమో అదే ఇయ్యాలె. ట్రైనర్ సారు చెప్పిండు గదా."

జోగారావు గారికి ఏం ఇష్టమో దశరథ బాగా ఆలోచించాడు. గోదావరి మనిషి, ఎప్పుడూ కలవరించేది ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా నడిచి, మూడు షాపులు తిరిగి, నేతివి, బెల్లంవి, జీడిపప్పు వేసినవి చూసి ఒక కిలో పూతరేకులు కట్టించుకుని, శనివారం పొద్దున వాళ్ల తలుపు కొట్టాడు.

తలుపు తీసింది ఇందిరాదేవి గారు. మోచేతుల దాకా పిండి. ఎప్పుడూ తన ఒంటి మీద ఉండేది ఆవిడ ఒంటి మీద చూసేసరికి దశరథకు మాట తడబడింది.

"ఏంటయ్యా అది?"

"పూతరేకులమ్మా. సారుకు ఇష్టమని."

ఆవిడ డబ్బాను చూశారు, అతన్ని చూశారు. "మా అన్నయ్య కూడా ఇష్టంగానే తినేవాడు," అన్నారు.

దశరథకు భూమి చీలితే బాగుండుననిపించింది. షుగరు మనిషికి కిలో పూతరేకులు మోసుకొచ్చిన వాడు ఈ లోకంలో తనొక్కడే అయివుంటాడు. డబ్బాను వీపు వెనక దాచుకోబోయాడు గానీ, కిలో డబ్బా దాగేంత వీపు కాదది.

"ఎనిమిది నెలల నుంచీ నీకు తెలుసు కదూ?" అని అడిగారు ఆవిడ.

"తెలుసమ్మా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"గిర్నీల మాట బైట చెప్పనమ్మా."

"మరి మొన్న చెప్పావుగా?"

దశరథ పూతరేకుల డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఊరందరికీ చెప్పిన ముక్కేదో నాకొక్కదానికి చెప్పి ఉంటే సరిపోయేది," అంటూ ఆవిడ చేత్తో కళ్లు తుడుచుకున్నారు. పిండి బుగ్గలకు అంటుకుంది. "నేను భయపడతానని ఆయన దాచారట. నా ఇడ్లీలు విసుగొచ్చాయేమోనని ఎనిమిది నెలలు నేను చట్నీలు మార్చి మార్చి చచ్చాను."

వెనక బల్ల మీద పళ్లెంలో జొన్నరొట్టెలున్నాయి. రొట్టెలంటే రొట్టెలు కావు, జిల్లాల వారీగా విడిపోయిన మ్యాపులు. పక్కనే చపాతీ కర్ర ఉంది. దశరథ ఉండబట్టలేకపోయాడు.

"నీళ్లు బాగ మసలాలమ్మా. గా నీళ్లతోనే పిండి కలపాలె. కర్రతోని కాదు, చేత్తోని కొట్టాలె."

"వంట నేర్పడానికొచ్చావా?" అని ఆవిడ తలుపేశారు. లోపల జోగారావు గారు దగ్గిన చప్పుడు వినబడింది గానీ మనిషి బయటికి రాలేదు. పూతరేకుల డబ్బా దశరథ చేతిలోనే మిగిలింది.

ఆదివారం పదింటికి, గిర్నీ పైనున్న హాల్లో మీటింగు. కుర్చీలన్నీ నిండాయి. మామూలుగా సంఘం మీటింగుకు పదిమంది వస్తే గొప్ప, కానీ అట్టముక్కల సంగతి ఏమవుతుందో చూద్దామని ఎనభై మంది వచ్చారు. జోగారావు గారు బల్ల వెనక కూర్చుని, మినిట్స్ పుస్తకంలోకి తప్ప ఎవరి మొహంలోకీ చూడటం లేదు. కార్తీక్ లేచి తన బాధ మర్యాదగానే చెప్పుకున్నాడు. ఈ రోజుల్లో పిండి పది నిమిషాల్లో ఇంటికి వచ్చేస్తోంది కదా, ఇంకా గిర్నీ దేనికి అన్నాడు.

"దశరథా, చెప్పేదేమన్నా ఉంటే చెప్పు," అన్నారు జోగారావు గారు, పుస్తకంతోనే అన్నట్టు.

దశరథ లేచాడు. చేతిలో సాయినాథ్ రాసిచ్చిన కాగితం ఉంది. 'మీరంతా నా కుటుంబం' అని మొదలవుతుంది. అది విప్పేలోగా ముందు వరుసలోంచి రామమోహనరావు గారు అందుకున్నారు.

"కాగితం తర్వాత చదువుదువుగానిలే. ముందు ఆ రొట్టెల ముచ్చట చెప్పు. షుగరు ఎంతుందట మన అధ్యక్షుల వారికి? రొట్టెల్లోకి ఇంకా ఏమేం నంచుకుంటారు?"

హాలంతా గొల్లుమంది. జోగారావు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ల వరుసలో ఇందిరాదేవి గారు కొంగు బిగించుకున్నారు.

ఐదు కిలోల నుంచి పదికి పెరిగిన గోధుమలు రామమోహనరావు గారి ఇంటివే. బెంగుళూరులో మేనేజరుగా ఉన్నాడని ఆయన అందరికీ చెప్పుకునే కొడుకు నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడని ఆ హాల్లో తెలిసినవాడు దశరథ ఒక్కడే. ఒక్క ముక్క అంటే చాలు, రామమోహనరావు గారి నోరు ఏడాది పాటు మూతపడేది. ఆ ముక్క దశరథ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన వంక చూశాడు. నవ్వుతున్న ఆ మొహం కింద దిగులు కనబడింది. దశరథ ఆ ముక్కను మింగేశాడు.

"నాకేం తెల్వది సారు. నేను పిండి పట్టెటోన్ని."

"మొన్న గ్రూపులో పెట్టినప్పుడు తెలుసుగా?"

"గది తప్పు సారు. పెద్ద తప్పు చేసిన." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "షట్టర్ ఖాళీ చెయ్యమంటే చేస్త. గని ఎవ్వరి ఇంటి మాట ఇంకోసారి నా నోట్లకెల్లి రాదు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా ఎవరెవరు ఏమేం పట్టించారో ఎవరికి వాళ్లకు గుర్తొస్తున్నట్టుంది. ఒకాయన గొంతు సవరించుకున్నాడు, ఒకావిడ గాజులు సర్దుకుంది. ఈ మనిషి నోరు విప్పితే కాలనీలో ఒక్క ఇల్లు నిలబడదని ఎనభై మందికీ ఒకేసారి అర్థమైంది. రామమోహనరావు గారు చెమట తుడుచుకుని, ఫ్యాను స్పీడు పెంచమన్నారు.

అప్పుడు కార్తీక్ పక్కన కూర్చున్న అతని భార్య అలేఖ్య మోచేత్తో అతన్ని పొడిచింది. ఆ అమ్మాయి పోయిన వారమే వేయించిన మినుములు పట్టించుకెళ్లింది. సున్నుండలకు. ఇంకా అత్తగారికి కూడా చెప్పని కబురది. దశరథ ఏమీ అడగలేదు. "మెట్లు జారుతయి బిడ్డా, పైలం" అని మాత్రం అని, డబ్బా తనే మోసుకెళ్లి గుమ్మంలో దించి వచ్చాడు. తన మీద అర్జీ పెట్టింది ఆ ఇంటివాడేనని అతనికి తెలుసు.

"ఖాళీ చేయించక్కర్లేదండీ," అన్నాడు కార్తీక్ పక్కటెముక తడుముకుంటూ. "నా కాల్స్ ఉండే టైములో ఆపితే చాలు."

"సమ్మతమేనా?" అని అడిగారు జోగారావు గారు. ఎనభై చేతులు లేచాయి. ప్రేమతో లేచినవెన్నో, భయంతో లేచినవెన్నో లెక్కతీయడం అనవసరం. అందరికన్నా ఎత్తుగా లేచిన చెయ్యి రామమోహనరావు గారిది. గిర్నీ యథాస్థానంలో కొనసాగునని అధ్యక్షుల వారు గుండ్రటి అక్షరాల్లో రాసి, సంతకం పెట్టి, పుస్తకం మూశారు.

జనం దిగిపోయాక, మెట్ల దగ్గర లచ్చమ్మతో పాటు నిలబడ్డ దశరథ ముందుకు జోగారావు గారు, ఇందిరాదేవి గారు వచ్చారు. దశరథ దండం పెట్టబోతే ఆయన వద్దన్నారు.

"నువ్వలా పెట్టకపోతే, మా ఆవిడకి చెప్పే ధైర్యం నాకు ఈ జన్మలో వచ్చేది కాదు," అన్నారు. "అలాగని ఇంకోసారి పెట్టావంటే మాత్రం గిర్నీకి నేనే తాళం వేస్తాను."

నాలుగు రోజులుగా దశరథ లోపల గడ్డకట్టిందేదో కరిగి కళ్లలోకి వచ్చింది. ఈసారి చొక్కాకు మిరప్పొడి లేదు.

"రేపు పొద్దుగాల రొట్టెలు ఎన్ని చెయ్యమంటరు సారు?"

జోగారావు గారు భార్య వంక చూశారు. ఆవిడ ఎటో చూస్తూ, అరిగిపోయిన చపాతీ కర్ర గురించి లచ్చమ్మకు ఏదో చెబుతున్నారు.

"మూడు," అన్నారాయన. "రేపట్నుంచి ఆవిడ కూడా నాతో వాకింగుకి వస్తుందట."